నాలుక తిప్పితే అల్జీమర్స్ ఆగదు

వాట్సాప్‌లో ఏళ్లుగా తిరుగుతున్న సందేశం ఇది: పొద్దున ముఖం కడుక్కున్నాక అద్దం ముందు నాలుక బయటపెట్టి కుడికీ ఎడమకీ 10 సార్లు తిప్పితే అల్జీమర్స్ దరిచేరదట. నాలుకకు పెద్ద మెదడుతో సంబంధం ఉందట, ముసలితనంలో ముందు బిగుసుకుపోయేది నాలుకేనట. పైగా బీపీ, మెదడులో రక్తపు గడ్డ, చెవిలో హోరు కూడా తగ్గుతాయట. నాలుక తిప్పినందువల్ల నష్టమేమీ లేదు. అది చాల్లే అనుకుని చేయించాల్సిన పరీక్షలు మానేస్తేనే నష్టం.

"నాలుకకు మెదడుతో సంబంధం ఉంది." సగం నిజం. నాలుకను కదిలించే భాగం మెదడు పైపొరలో పెద్దదే. కానీ అల్జీమర్స్ మొదలయ్యేది అక్కడ కాదు, కొత్త జ్ఞాపకాలను దాచే హిప్పోక్యాంపస్‌లో, దాని చుట్టుపక్కల. కదలికల భాగం చాలాకాలం బాగానే ఉంటుంది. అందుకే పొద్దున తిన్న ఇడ్లీ గుర్తులేని పెద్దాయన కూడా చక్కగా నడుస్తాడు, నాలుకా తిప్పుతాడు. స్పీచ్ థెరపిస్టులు నాలుక వ్యాయామాలు నేర్పే మాట నిజమే. అవి పక్షవాతం తర్వాత మింగలేనివాళ్లకు, మాట సరిగ్గా రానివాళ్లకు. జ్ఞాపకశక్తికి కాదు.

"వయసైతే ముందు నాలుక బిగుస్తుంది." సందేశం మొత్తంలో ప్రాణం మీదికి తెచ్చే మాట ఇదే. ఉన్నట్టుండి మాట ముద్దగా వచ్చినా, మూతి వంకరపోయినా, ఒక చెయ్యి వాలిపోయినా అది వయసు కాదు, పక్షవాతం. వెంటనే 108కి ఫోన్ చేయండి. మెదడు రక్తనాళంలోని గడ్డను కరిగించే ఇంజెక్షన్ మామూలుగా లక్షణాలు మొదలైన 4.5 గంటల్లోపే ఇస్తారు, అదీ సీటీ స్కాన్‌లో రక్తస్రావం లేదని తేలాకే. మనిషి చివరిసారి బాగున్నది ఎన్ని గంటలకో డాక్టరుకు చెప్పాలి. ఈలోగా నోట్లో నీళ్లు పోయొద్దు, మాత్ర వెయ్యొద్దు. మింగలేకపోతే ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

నాలుక నిజంగా చెప్పే సంగతులు ఇంకా ఉన్నాయి. ఎర్రబడి, నున్నగా అయి, మంట పుడుతుంటే బీ12 లోపం కావచ్చు. శాకాహారుల్లో, ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడే షుగర్ రోగుల్లో ఇది ఎక్కువ. నాలుక మందంగా ఉండి, గొంతు బొంగురుపోయి, చలి ఓర్చుకోలేకపోతుంటే థైరాయిడ్ తగ్గిందేమో చూడాలి. రెండూ మతిమరుపు తెచ్చేవే, రెండూ మందులకు లొంగేవే. అందుకే మతిమరుపు అని వెళ్తే బీ12, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), సోడియం, షుగర్, కిడ్నీ పరీక్షలు రాస్తారు, అవసరాన్ని బట్టి మెదడు స్కాన్ తీయిస్తారు. ఇంట్లో వాడుతున్న మందులన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. జలుబుకు, నిద్రకు, మూత్రం ఆపుకోలేకపోవడానికి వాడే కొన్ని మాత్రలే మతిని మందగింపజేస్తాయి. కొన్ని వారాల కిందట బాత్రూంలో జారిపడి తలకు తగిలి ఉంటే అదీ చెప్పండి. పుర్రె లోపల రక్తం మెల్లగా చేరి ఇలాగే కనిపించవచ్చు.

"బీపీ, రక్తపు గడ్డలు తగ్గుతాయి." తగ్గవు. 2024లో లాన్సెట్ వైద్య పత్రిక నిపుణుల కమిషన్ డిమెన్షియాకు, అంటే అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బులకు, మన చేతిలో ఉన్న 14 కారణాలు చెప్పింది. వాటన్నిటినీ సరిదిద్దగలిగితే దాదాపు 45 శాతం డిమెన్షియా కేసులను ఆపవచ్చు, లేదా వాయిదా వేయవచ్చు. అధిక రక్తపోటు, షుగర్, చెడు కొలెస్ట్రాల్, పొగ, మద్యం, వినికిడి లోపం, చూపు లోపం, ఒంటరితనం అందులో ఉన్నాయి. నాలుక లేదు. 40 దాటినప్పటి నుంచి పై బీపీని 130 లోపు ఉంచుకోవాలి. ఇంట్లో చూసుకునేటప్పుడు 5 నిమిషాలు కూర్చున్నాక, వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి, నిమిషం తేడాతో రెండుసార్లు చూడాలి. మన ఇళ్లల్లో జరిగే తప్పు ఒకటే: బీపీ నార్మల్‌కి వచ్చిందని మాత్ర ఆపేస్తారు. అది నార్మల్‌కి వచ్చింది ఆ మాత్ర వల్లే.

"చెవిలో హోరు పోతుంది." హోరుంటే ముందు గుబిలి ఉందేమో చూపించి, ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష) చేయించాలి. వినికిడి తగ్గిందని తేలితే మెషీన్ పెట్టుకోవాలి. మొదట్లో రోజుకు రెండు మూడు గంటలు, నిశ్శబ్దంగా ఉన్న గదిలో పెట్టి అలవాటు చేయండి. మొదటిరోజే పెళ్లి పందిట్లో పెడితే ఆ గోలకు విసుగొచ్చి బీరువాలో పడేస్తారు.

నాలుకతో మెదడుకు మేలు జరుగుతుందంటే అది మాటల వల్ల జరగాలి. 2013లో న్యూరాలజిస్టు అల్లాడి సువర్ణ బృందం హైదరాబాద్‌లో 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు సగటున 4.5 ఏళ్లు ఆలస్యంగా మొదలైంది, చదువు రానివాళ్లలో కూడా. భాషలే జబ్బును ఆపాయని దీంతో రుజువైనట్టు కాదు. అయినా పెద్దవాళ్లను రోజంతా టీవీకి అప్పగించకుండా నలుగురితో మాట్లాడించడానికి ఇది చాలు.

జబ్బు ఉందని తేలినవాళ్ల చేత ఈ కసరత్తు చేయించొద్దు. "నేనెవరో చెప్పు చూద్దాం" అని పరీక్ష కూడా పెట్టొద్దు. "నాన్నా, నేను మీ రెండో అమ్మాయిని" అని మీరే చెప్పండి. పొద్దువాలేసరికి కంగారు పెరుగుతుంటే ముందే లైట్లు వేయండి. రాత్రి సిలిండర్ దగ్గర గ్యాస్ కట్టేయండి. ఒకటి రెండు రోజుల్లోనే మనిషి బాగా మారిపోతే జబ్బు ముదిరిందని వదిలేయకండి, మూత్రంలో ఇన్ఫెక్షనో, కొత్తగా మొదలెట్టిన మాత్రో కారణం కావచ్చు. చూసుకునేవాళ్లు అలిసిపోతే వృద్ధుల సహాయవాణి 14567, మనసు భారమైతే టెలిమానస్ 14416. రెండూ ఉచితమే.