టీవీ మీదా, టీవీలోనా?

మొన్న వీడియో కాల్‌లో మా అమ్మాయి వాళ్ల అమ్మమ్మతో, "నిన్న టీవీ మీద తెలుగు సినిమా చూశాను అమ్మమ్మా" అంది. మా అత్తగారు కాసేపు ఆగి, "టీవీ మీద ఏముందే తల్లీ చూడ్డానికి?" అన్నారు. ఆవిడ ఎరిగిన టీవీ తలుపులున్న చెక్కపెట్టె. దాని మీద అల్లిక గుడ్డ, గుడ్డ మీద తలాడించే తంజావూరు బొమ్మ ఉండేవి. శుక్రవారం చిత్రలహరి వచ్చేది మాత్రం లోపలే.

అందరం నవ్వాం. ఇంగ్లీషు 'ఆన్ టీవీ'ని మా అమ్మాయి అలాగే తెలుగులోకి దించేసింది మరి. నిజానికి నాకు నవ్వే హక్కు లేదు. అమెరికా వచ్చిన కొత్తలో ఒక శనివారం మా మేనేజరు ఫోన్ చేస్తే ఎత్తలేకపోయాను. సోమవారం పొద్దున్నే, "సారీ, ఐ వాజ్ ఇన్ ఎ మూవీ" అన్నాను. ఆయన కళ్లు పెద్దవి చేసి, ఏం వేషం వేశావని అడిగాడు. "సినిమాలో ఉన్నా, తర్వాత చేస్తా" అని మనం హాల్లోంచి గుసగుసగా చెప్పే మాటే నేను ఇంగ్లీషులో అప్పజెప్పాను. నటిస్తే 'ఇన్', చూడ్డానికి వెళ్తే 'ఎట్' అని ఆ రోజు తెలిసింది. 'ఐ యామ్ ఇన్ టీవీ' అన్నా అంతే, టీవీ రంగంలో ఉద్యోగం అనుకుంటారు.

ఇదంతా మన 'లో' చేసే పని. టీవీలో, హాల్లో, యూట్యూబ్‌లో, ఫోన్లో, రేడియోలో, పేపర్లో... అన్నిటికీ అదొక్కటే సరిపోతుంది. ఇంగ్లీషులో టీవీకీ రేడియోకీ యూట్యూబ్‌కీ 'ఆన్', పేపర్లో వార్తకి మాత్రం 'ఇన్'. కొత్త సినిమా 'ఇన్ థియేటర్స్' అని పోస్టర్ వేస్తారు, కొన్నాళ్లకి అదే 'ఆన్ నెట్‌ఫ్లిక్స్' అవుతుంది. నేను పెట్టుకున్న కొండగుర్తు ఇది: ఆ సీను ఏ సినిమాలోది అంటే 'ఇన్', ఆ సినిమా టీవీలోనో నెట్‌ఫ్లిక్స్‌లోనో వస్తోంది అంటే 'ఆన్'.

ఈ 'ఆన్' ఏమిటో, టీవీ ఎక్కి కూర్చున్నట్టు, అని మనవాళ్లు విసుక్కుంటారు. మరి మనం 'బుల్లితెర మీద' అనడం లేదా? వస్తువు అదే, పేరు మారేసరికి విభక్తి మారిపోయింది. 'వెండితెర లోపల' అని ఎవరూ అనరు.

అందుకే మన పార్టీల్లో ఎవరైనా 'ఇన్ యూట్యూబ్' అనగానే వాళ్ల పిల్లలే కిసుక్కున నవ్వడం నాకు నచ్చదు. దానివల్ల అర్థం చెడేదేమీ లేదు. ఆఫీసు ఈమెయిల్లో సరిచూసుకుంటే చాలు. నాలా వేషాలు వేయకుండా ఉండాలంటే సినిమా దగ్గర 'ఇన్' అంటే నటించినట్టని, అదొక్కటి గుర్తుపెట్టుకోండి. పిల్లల 'టీవీ మీద' చూసి మనం నవ్వడం ఇంకా తప్పు. నలుగురిలో రెండుసార్లు నవ్వితే మూడోసారి తెలుగే మాట్లాడరు. మా అమ్మాయి ముఖం అప్పటికే ఎర్రబడింది.

నవ్వనిది అత్తగారొక్కరే. "ఇప్పటి టీవీలు పలకల్లా ఉన్నాయిగా, మీదే వస్తుందిలే. ఇంతకీ ఎవరి సినిమా?" అని అడిగారు.