14 పాయింట్లు, ఒక మిక్సీ

వడ్డేపల్లిలో అద్దెకున్నన్నాళ్లూ నా ఆఫీసు హాల్లో కిటికీ గట్టే. పడకగదికీ వైఫై డబ్బాకూ మధ్య రెండు గోడలు, ఒక ఇనుప బీరువా. సిగ్నల్ అక్కడిదాకా వచ్చేసరికి ప్రాణం పోయేది. ఒకరోజు ల్యాప్‌టాప్ రెండు చేతుల్లో పట్టుకుని వాకిట్లో మెల్లగా తిరుగుతుంటే పక్కింటాయన ఆగి, "బోరు పాయింట్ చూస్తున్నరా సార్?" అన్నాడు.

అందుకే హనుమకొండలో 200 గజాల జాగాలో సొంతిల్లు మొదలుపెట్టగానే ఒట్టు పెట్టుకున్నాను. టైల్స్ మా ఆవిడ ఇష్టం, గుమ్మాలు సిద్ధాంతి ఇష్టం, బావి ఎక్కడన్నది బాపు ఇష్టం. నెట్ తీగలు మాత్రం నా ఇష్టం.

గ్రాఫ్ పేపరు మీద నాలుగు రంగుల స్కెచ్ పెన్నులతో ప్లాన్ గీశాను. టీవీ వెనక రెండు, ప్రతి గదిలో బల్ల దగ్గర రెండేసి, స్లాబుకు వైఫై డబ్బాల కోసం కొన్ని, గేటు కెమెరాకు ఒకటి. లెక్కపెడితే 14. అన్నీ వచ్చి మెట్ల కింద గోడలో ఒక ఇనుప పెట్టెలో కలవాలి. బాపు కళ్లజోడు పెట్టుకుని ఆ కాగితాన్ని చాలాసేపు చూసి, "వేయిస్తంభాల గుడి కట్టినోళ్లు గూడ ఇన్ని గీతలు గియ్యలేదు గావచ్చు బిడ్డా" అన్నాడు.

ఇక మా ఎలక్ట్రీషియన్ తమ్ముడి కష్టాలు. రోజూ పొద్దున టీ తాగుతూ వాడికి పాఠం చెప్పేవాణ్ని. ముప్పావు ఇంచు పైపు వద్దు, ఇంచుది వెయ్యి. ఎల్బోలు వద్దు, లాంగ్ బెండ్లు పెట్టు, లేకపోతే తీగ లాగలేం. క్యాట్ 6 అనే ఈ నెట్ తీగలో ఎనిమిది సన్న తీగలు జంటలు జంటలుగా మెలేసి ఉంటాయి, ఒక్కటి తెగినా గిగాబిట్ స్పీడు రాదు. అన్నిటికంటే ముఖ్యం, కరెంటు వైరూ నెట్ వైరూ ఒకే పైపులో పోవద్దు. పక్కపక్కన కూడా పోవద్దు. ఈ చివరి ముక్క ఎన్నిసార్లు చెప్పానంటే, మాల్ కలిపే కూలీ అమ్మ కూడా నేను రాగానే "కరెంటు దూరం, కరెంటు దూరం" అని నవ్వేది.

ఒకసారి వాడు పెట్టె దగ్గర నిలబడి, "సార్, ఇక్కడ కరెంటు..." అని ఏదో మొదలుపెట్టాడు. "తమ్మీ, మళ్లీ మొదటికొచ్చినవా? దూరం!" అన్నాను. "సరే సార్, మీ ఇష్టం" అన్నాడు.

ప్లాస్టరింగ్ మేస్త్రీ రెండు బాక్సులను గోడలోనే సమాధి చేస్తే రూపాయి బిళ్లతో టకటకా కొట్టి కనిపెట్టాం, అదో కథ. 305 మీటర్ల తీగ డబ్బా కొంటే సగానికి దగ్గర మిగిలింది. మేడ మీద ఇప్పుడు మా బట్టలు ఆరుతున్నది దాని మీదే.

గృహప్రవేశం అయిన మూడోరోజు నెట్ అబ్బాయి వచ్చాడు. స్తంభం నుంచి ఫైబర్ లాగి పెట్టె మూత తీశాడు. 14 తీగలు, ఒక్కోదానికి చీటీ, జడ అల్లినట్టు ఉన్నాయి. "మస్తున్నది సార్" అన్నాడు. నేను ఊరకే తల ఊపాను. వాడు తన డబ్బా లోపల పెట్టి, అడాప్టర్ చేతిలో పట్టుకుని కుడివైపు చూశాడు. ఎడమవైపు చూశాడు. వంగి కిందకు కూడా చూశాడు.

"సార్, ప్లగ్గేది?"

ప్లగ్గు లేదు. 14 పాయింట్లకు నెట్ పంచే పెట్టెలో, చుట్టుపక్కల ఎక్కడా, ఒక్క ప్లగ్గు లేదు.

"మన పాత ల్యాండ్‌లైనుకు ప్లగ్గెక్కడిదిరా? కరెంటు పోయినా మోగేది" అన్నాడు బాపు. అప్పుడు రాగితీగ వెంట ఎక్స్ఛేంజీ నుంచే కరెంటు వచ్చేదనీ, ఈ ఫైబర్‌లో వచ్చేది వెలుతురు మాత్రమేననీ చెప్పాను. "అంటే వెలుతురున్నది గని కరెంటు లేదన్నట్టు" అని లేచి వెళ్లిపోయాడు.

ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేసి అరిచాను. వాడు చల్లగా, "మీరే చెప్పిండ్రు గద సార్, దూరముండాలెనని. టేపు పెట్టి కొలిచి దూరం పెట్టిన" అన్నాడు.

కొత్త గోడ కొయ్యడానికి మా ఆవిడ ఒప్పుకోలేదు. దాంతో వంటింటి గట్టు మీది ప్లగ్గు నుంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు, తలుపు మీదుగా, మెట్ల కిందిదాకా. ఆ ప్లగ్గు నిజానికి మిక్సీది. మిక్సీని కూడా ఎక్స్‌టెన్షన్‌కే పెట్టుకోవచ్చు గదా అంటారేమో. అట్ల పెడితే బాక్సు వేడెక్కుతుందని మా ఆవిడకు పాఠం చెప్పిన తెలివిగలవాణ్ని కూడా నేనే.

అందుకని రోజూ పొద్దున చట్నీ టైముకు ఇంట్లో నెట్ పోతుంది. ఆఫీసు మీటింగూ అప్పుడే. "సారీ, కరెంటు పోయింది" అని నెల రోజులు నెట్టుకొచ్చాను. మొన్న టీమ్‌లో కొత్తగా ఒక కుర్రాడు చేరాడు. నేను మళ్లీ లైన్లోకి వచ్చి "సారీ, మా వరంగల్‌లో కరెంటు..." అనగానే, "అన్నా, మాది కాజీపేటే. మాకు పోలేదే?" అన్నాడు.

ఏం చెప్పాలా అని ఆలోచిస్తుంటే వంటింట్లోంచి, మైకు అవసరం లేని గొంతుతో మా ఆవిడ కేక వేసింది.

"ఇగో, ఇంకో వాయి ఉన్నది, తీస్తున్న!"