పద్యం మిగిలింది, నాటకం ఏది?

‘బావా ఎప్పుడు వచ్చితీవు’ అని ఎవరైనా ఎత్తుకుంటే చాలు, అరవై దాటినవాళ్లు తలలూపుతూ అందుకుంటారు. ఆ పద్యంలో కృష్ణుడు ఇంతకీ ఏం అడిగాడని ఆరా తీస్తే మాత్రం చాలామంది దగ్గర రాగం ఉంటుంది, మాట ఉండదు. ఆ పద్యమున్న పాండవోద్యోగ విజయాలు నాటకం రంగస్థల చరిత్ర సగం ఇక్కడే ఉందని మా అభిప్రాయం.

తిరుపతి వెంకట కవులుగా పేరుపడ్డ దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి భారతకథను ఆరు నాటకాలుగా రాశారు. వాటిలో పాండవోద్యోగాన్నీ పాండవ విజయాన్నీ జనం కలిపేసుకుని తెల్లవార్లూ ఆడే ఒకే నాటకంగా చేసుకున్నారు. ఒక ఊళ్లో అది కృష్ణ రాయబారం, పక్క ఊళ్లో కురుక్షేత్రం. 1920లో తిరుపతిశాస్త్రి కన్నుమూశాక కూడా వెంకటశాస్త్రి తన రచనలను జంట పేరుతోనే వెలువరించారు. అలాంటి స్నేహంలో పుట్టిన నాటకాన్ని ఒకరి ముఖం ఒకరు ఎరగని నటులు ఆడుతూ వచ్చారంటే వింతగానే ఉంటుంది.

అది కాంట్రాక్టు నాటకాల పద్ధతి. కాంట్రాక్టరు ధర్మరాజును ఒక ఊరినుంచి, దుర్యోధనుణ్ణి మరో ఊరినుంచి పిలిపించేవాడు. రిహార్సలు ఉండేది కాదు. మేకప్ గదిలోనే పరిచయాలు. నిద్రపోతున్న కృష్ణుడి దగ్గరికి అర్జునుడూ దుర్యోధనుడూ సాయం కోరి వచ్చే పడక సీనుకు ఒకటో కృష్ణుడు, రాయబారానికి రెండో కృష్ణుడు, యుద్ధానికి మూడో కృష్ణుడు. కల్యాణం రఘురామయ్య, పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు వంటి కృష్ణులనూ, మాధవపెద్ది వెంకట్రామయ్య దుర్యోధనుణ్ణీ జనం బళ్లు కట్టుకెళ్లి చూశారు. రఘురామయ్య నోట్లో వేలు పెట్టి ఈలతోనే పద్యం వినిపించేవారు. రంగం మీదికి వచ్చింది కృష్ణుడా, రఘురామయ్యా అన్న పట్టింపు ఎవరికీ లేదు.

‘వన్స్ మోర్’ కేక పడగానే కథ ఆగిపోతుంది. హార్మోనియం వాద్యకారుడు శ్రుతి అందుకుంటాడు, కృష్ణుడు మళ్లీ మొదటికి వస్తాడు. దుర్యోధనుడు గద భుజాన వేసుకుని నిలబడే ఉంటాడు. ఎవరో నోటు చదివిస్తారు. దాత పేరు, ఊరు పేరు మైకులో చెప్పి దణ్ణం పెట్టాకే రాయబారం ముందుకు కదులుతుంది. దీన్ని తప్పనడానికి మాకు నోరు రాదు. ఈ కేకలూ ఈ చదివింపులే ఎన్నో కుటుంబాలకు కూడు పెట్టాయి.

కానీ పోయిందేమిటో కూడా చూడాలి. ‘బావా’ పద్యం వచ్చేది పడక సీనులోనే. కృష్ణుడు కళ్లు తెరిచి ముందుగా చూసింది అర్జునుణ్ణి. తలవైపు కూర్చున్న దుర్యోధనుణ్ణి తరువాత, అప్పుడే గమనించినట్టు పలకరిస్తాడు. అన్నదమ్ములు కులాసానా, కొడుకులు కులాసానా, కర్ణుడో, భీష్ముడో, ద్రోణుడో అంటూ వరసగా అడుగుతాడు. పైకి అది బావగారి కుశలం. లోపల, రేపు అటువైపు నిలబడబోయే సేనను ఒక్కొక్కరినే లెక్కపెట్టుకోవడం. శార్దూలం నాలుగు పాదాల్లో ఇంత కొంటెతనం ఇమిడి ఉంది. ఆలాపన ఐదు నిమిషాలు సాగితే ఆ లెక్క ఎవరికి వినిపిస్తుంది?

ఈ మాట ముందే అన్నవాడు ఏలూరు వకీలు బందా కనకలింగేశ్వరరావు. తానే కృష్ణుడు కట్టి, రాగాన్ని అదుపులో పెట్టి, అర్థం తెగకుండా పద్యం చెప్పి చూపించారు. ఆయన దారి గౌరవం పొందింది గానీ గ్రామాల్లో కేకలు రాగానికే పడ్డాయి.

ఇప్పుడు అర్థం బాణీ, రాగం బాణీ రెండూ కరువవుతున్నాయి. కవుల పుస్తకం అచ్చులో భద్రంగా ఉంది, పేరున్న నటుల పద్యాలు రికార్డుల్లో ఉన్నాయి. లేనిది మధ్యది: పద్యానికీ పద్యానికీ నడుమ వచనం ఎలా నడిచింది, దుర్యోధనుడు ఎక్కడ లేచాడు, హార్మోనియం ఎక్కడ ఆగింది. ఇవి పాత నటులకూ వాద్యకారులకూ మాత్రమే తెలుసు. ఉత్సవాల్లో వాళ్లకు శాలువా కప్పి, రెండు పద్యాలు పాడించి పంపేస్తే సరిపోదు. రెండు రాష్ట్రాల సాంస్కృతిక శాఖలూ వాళ్లను కూర్చోబెట్టి, రాత్రంతా నడిచే నాటకాన్ని సీను తరువాత సీనుగా, వచనంతో సహా చిత్రీకరించాలి. హార్మోనియం వాయించేవారికి నటులతో సమానంగా పారితోషికం ఇవ్వాలి. మొదలుపెట్టేది పడక సీనుతోనైతే మంచిది. అర్థం చెప్పే బందా దారిలో ఒకసారి, రాగం తీసే షణ్ముఖి దారిలో ఒకసారి.