ముసలి కుక్కకు వైద్యం: లెక్కలోకి రావలసింది జబ్బు

వయసు పైబడిన కుక్క తిండి మానేసి మూలకు చేరగానే మన ఇళ్లలో రెండు రకాల మాటలు వినిపిస్తాయి. 'పన్నెండేళ్లు బతికింది, ఇంకా సూదులతో పొడిపించడం ఎందుకు' అని ఒకరంటే, 'ఎంత ఖర్చయినా సరే బతికించండి' అని మరొకరు డాక్టరును బతిమాలుతారు. రెండు మాటల్లోనూ ప్రేమ ఉంది, కానీ వచ్చిన జబ్బేమిటన్న ప్రశ్న రెండింటిలోనూ లేదు.

గర్భసంచి తీయించని ఆడకుక్కల్లో, ఎద ముగిసిన కొన్ని వారాలకు గర్భసంచిలో చీము పట్టే పయోమెట్రానే చూడండి. కుక్క అతిగా నీళ్లు తాగుతుంటే, వాంతులు చేసుకుంటుంటే అదంతా ముసలితనమేనని సరిపెట్టుకున్నవాళ్లు దాన్ని రోజుల్లోనే పోగొట్టుకోవచ్చు. సకాలంలో ఆపరేషన్ చేయిస్తే పదేళ్లు దాటినవి సైతం చాలావరకు కోలుకుంటాయి. మత్తుకు తట్టుకోదేమోనన్న భయం సహజమే అయినా, ఆ సంగతి తేల్చవలసింది రక్తపరీక్షలూ గుండె పరీక్షానూ.

శోషరస గ్రంథుల్లో వచ్చే క్యాన్సర్ లింఫోమా సంగతి వేరు. దవడ కింద, భుజాల ముందు, మోకాళ్ల వెనక గ్రంథులు నిమ్మకాయలంత ఉబ్బుతాయి. నొక్కినా సాధారణంగా నొప్పి ఉండదు, గేటు చప్పుడైతే కుక్క ఎప్పటిలాగే పరుగెత్తుకొస్తుంది. వైద్యం లేకపోతే చాలావాటికి మిగిలేది నెలా రెండు నెలలే. నాలుగు మందులతో నెలల తరబడి సాగే కీమోథెరపీ వల్ల, బి కణాలనే తెల్ల రక్తకణాల నుంచి పుట్టిన రకమైతే, సుమారు ఏడాది దాకా ఆయుష్షు దక్కుతుంది గానీ పూర్తిగా నయం కావడం అరుదు. ఉన్నన్నాళ్లూ కుక్కను సుఖంగా ఉంచడమే ఇక్కడ లక్ష్యం కనుక మోతాదులు మనుషులకిచ్చేంత తీవ్రంగా ఉండవు, ఎక్కువ కుక్కలు దాన్ని బాగానే తట్టుకుంటాయి. అయితే 'ముందు స్టెరాయిడ్ వేసి చూద్దాం' అనే అలవాటు నన్ను కలవరపెడుతుంది: ప్రెడ్నిసొలోన్ అనే ఆ స్టెరాయిడ్‌తో గడ్డలు కరిగి కుక్క కొన్నాళ్లు తేరుకుంటుంది, కానీ ఆ తరువాత కీమో మొదలుపెడితే అది పనిచేసే అవకాశం తగ్గిపోతుంది. అందుకే కీమో కావాలా వద్దా అన్నది మొదటి స్టెరాయిడ్ మాత్రకు ముందే తేల్చుకోవాలి.

వద్దనుకున్నవారు తప్పు చేసినట్టు కాదు. వారం వారం నగరానికి ప్రయాణం, ఇంట్లో మరో రోగి, చేతిలో లేని డబ్బు, ఇవన్నీ నిజమైన కారణాలే. డాక్టరు ఎదుట వాటిని దాచుకోనక్కర్లేదు. కీమో లేకుండా స్టెరాయిడ్‌తో ఉన్న కొద్ది వారాలూ హాయిగా గడపనివ్వడం కూడా వైద్యమే.

ఎక్కడ ఆపాలన్నది మరీ కష్టమైన ప్రశ్న. అమెరికా పశువైద్యురాలు ఆలిస్ విల్లలోబోస్ రూపొందించిన కొలమానం దీనికి పనికొస్తుంది: నొప్పి, ఆకలి, ఒంట్లో నీటిశాతం, శుభ్రత, ఉల్లాసం, కదలిక, చెడ్డ రోజులకన్నా మంచి రోజులెక్కువా అన్న ఏడింటికీ, పరిస్థితి బాగుంటే ఎక్కువ చొప్పున, పదేసి మార్కులు, మొత్తం 35 దాటితే కొనసాగించవచ్చు. అంకెకన్నా ముఖ్యం, ఇంట్లో అందరూ కూర్చుని వేసుకోవడం. రోజూ మూత్రం తుడిచే మనిషికీ సాయంత్రం మాత్రమే చూసే మనిషికీ కుక్క ఒకేలా కనిపించదు.

కారుణ్య మరణం గురించి మొదటి సంప్రదింపులోనే మాట్లాడటం డాక్టర్ల బాధ్యత అని నేను నమ్ముతాను. ముందు మత్తు ఇస్తారనీ, స్పృహ పోయాకే గుండె ఆగుతుందనీ, దగ్గర ఉండాలనుకునేవారు ఉండవచ్చనీ అప్పుడే చెబితే, అర్ధరాత్రి ఊపిరాడక కుక్క ఎగశ్వాస పీలుస్తున్న వేళ ఆ కుటుంబం తొలిసారిగా ఈ విషయం ఆలోచించవలసిన గతి పట్టదు.