మైక్రోవేవ్ దగ్గర దేనికి భయపడాలి?

అత్త: నిన్నటి పప్పు ఆ పెట్టెలో క్షణంలో వేడెక్కుతుంది, సరే. ఆ కిరణాలు పప్పులో ఉండిపోవా? కడుపుతో ఉన్నదానివి, దాని ముందు నిలబడకు అమ్మాయీ.

కోడలు: ఉండిపోవు అత్తయ్యా, దీపం ఆర్పాక గదిలో వెలుతురు మిగలనట్లే యంత్రం ఆగగానే అవీ ఆగిపోతాయి. ఇంట్లో వాడే మైక్రోవేవ్ తరంగాలు 2,450 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంటాయి. అవి పదార్థంలోని నీటి అణువులను కదిలించి వేడి పుట్టిస్తాయే తప్ప, ఎక్స్-రేల మాదిరిగా అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టే శక్తి వాటికి లేదు. తలుపు అద్దంలో కనిపించే చిల్లుల రేకు ఉన్నదే వాటిని ఆపడానికి. తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు కనుక, అంత సన్నని చిల్లుల్లోంచి వెలుతురు వస్తుంది గాని అవి దాదాపుగా రాలేవు.

అత్త: ఆ తలుపు సరిగా పడకపోతే?

కోడలు: అప్పుడు వాడకూడదు. తలుపు వంగినా, గడియ వదులైనా మెకానిక్‌కు చూపించాలి. వెనక మూత మనం విప్పరాదు. ప్లగ్గు తీసినా లోపలి కెపాసిటర్‌లో ప్రాణాంతకమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు.

అత్త: ఇన్ని తెలిసిన దానివి, హోటలు డబ్బాలోనే పులావు పెట్టేస్తావేం?

కోడలు: డబ్బా అడుగున మైక్రోవేవ్ గుర్తు ఉంది కదా అత్తయ్యా.

అత్త: గుర్తు డబ్బాకు ఉంది, నెయ్యికి లేదు. మొన్న నెయ్యి పేరుకున్న చోట ప్లాస్టిక్ మెత్తబడి లొత్త పడింది, నేనే కడిగాను. అసలు మిగిలిన అన్నం తినడమెందుకు, వేడిగా వండుకోరాదా?

కోడలు: రాత్రి అన్నం గిన్నెను తెల్లవార్లూ గట్టు మీద వదిలేసేది మీరే. అలా వదిలిన అన్నంలో బాసిల్లస్ సిరియస్ అనే సూక్ష్మజీవి పెరిగి వదిలే ఒక రకం విషం మళ్ళీ వేడి చేసినా పోదు.

అత్త: మా పుట్టింట్లో చద్దన్నం తినని రోజు లేదు. ఎవరికేమైంది?

కోడలు: మజ్జిగ పోసి పులియబెట్టిన అన్నం సంగతి వేరు, కుక్కర్‌లో మరచిన అన్నం సంగతి వేరు. అన్నమైనా కూరైనా ఆవిరి తగ్గగానే ఫ్రిజ్‌లో పెట్టాలి. తిరిగి వేడి చేసేటప్పుడు అంచులు పొగలు కక్కుతున్నా నడుమ చల్లగానే ఉండవచ్చు కనుక, మధ్యలో ఒకసారి కలిపి, ఆగాక రెండు నిమిషాలు అలాగే ఉంచాలి. గుడ్డును పెంకుతో పెడితే పేలుతుంది. నునుపు గాజు గ్లాసులో నీళ్ళు బుడగ రాకుండానే మరిగే స్థాయి దాటి, కాఫీ పొడి వేయగానే చేతి మీదికి ఎగజిమ్మవచ్చు. పాపాయి పుట్టాక పాలసీసా మాత్రం ఇందులో పెట్టనే కూడదు. సీసా గోరువెచ్చగా తగిలినా లోపల పాలు నోరు కాల్చేంత వేడిగా ఉండవచ్చు.

అత్త: అయితే ఆ డబ్బాలు తీసేయి. బీరువాలోని పింగాణీ గిన్నెలు ఇస్తాను.

కోడలు: బంగారు అంచు ఉన్నవి వద్దత్తయ్యా, ఆ అంచు లోహమే, నిప్పురవ్వలు లేస్తాయి.

అత్త: అంచు లేనివి రెండే ఉన్నాయి.