నేలకూ తలుపుకూ కుదరని పొంతన

తెలుగునాట కొత్తగా ఇల్లు కట్టుకుంటున్నవారిని, ఫ్లాట్ తాళాలు చేతికందినవారిని పలకరించేటప్పుడు ఆరోగ్యం గురించో, పిల్లల చదువుల గురించో అడగడం ఈ రోజుల్లో మర్యాద కాదు. అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఫ్లోరింగ్ షేడ్ తేలిందా? తేలలేదని వారు నిట్టూరిస్తే ఓదార్చాలి. తేలిందంటే, మరి వార్డ్‌రోబ్ లామినేట్, అంటే దాని తలుపుల మీద అంటించే షీటు, ఆ నేలకు నప్పిందా అని రెండో ప్రశ్న వేసి, వారి ముఖంలో మిగిలిన కాస్త వెలుగునూ ఆర్పడం స్నేహధర్మం. స్థలం కొనడానికి ఒక ఆదివారం మధ్యాహ్నం చాలిన కుటుంబాలు, బ్యాంకు అప్పు పత్రాల మీద చదవకుండానే చూపించిన చోటల్లా సంతకాలు పెట్టిన కుటుంబాలు, నేల లైట్ ఓక్ కావాలా హనీ ఓక్ కావాలా అనే దగ్గరికి వచ్చేసరికి నెలల తరబడి నిలిచిపోతున్నాయి. దీన్ని చాదస్తమని కొట్టిపారేసేవారున్నారు. ఈ వ్యాసకర్త వారితో ఏకీభవించడు. అప్పు తీరిపోతుంది, పిల్లలు ఎలాగో పెరుగుతారు. నేల మాత్రం ఎక్కడికీ పోదు.

సమస్య స్వరూపం తెలియనివారి కోసం కొంత వివరణ అవసరం. సగటు మూడు పడకగదుల ఫ్లాట్‌లో చెక్క అనే పదార్థం, లేదా దాని పోలిక, అడుగడుగునా ఎదురవుతుంది. టేకు ఫ్రేము, వెనీర్ షట్టరు అని బిల్డరు బ్రోచరులో హామీ ఇచ్చిన సింహద్వారం ఉంటుంది. పెద్ద పడకగదిలో అదే బ్రోచరు ప్రసాదించిన లామినేటెడ్ వుడెన్ ఫ్లోరింగ్ ఉంటుంది. బాల్కనీలో కాలు జారని వుడ్ ఫినిష్ టైల్, గదుల్లో వార్డ్‌రోబ్‌లు, వంటింట్లో అరలు, టీవీ వెనుక గోడకు నిలువు పట్టీలుగా బిగించిన పానెల్ ఉంటాయి. వీటిలో ఏ రెండూ కలవవు. తలుపు ఎరుపు మీదికి పోతే నేల పసుపు మీదికి పోతుంది, పానెల్ బూడిద మీదికి పోతుంది. గృహప్రవేశం నాడు పిన్నిగారు హాలు నడుమ నిలబడి నాలుగు దిక్కులూ చూసి, "బాగుందమ్మా, తలుపొక్కటే కాస్త వేరుగా ఉన్నట్టుంది" అన్న క్షణాన ఆ ఇంటి ఈఎంఐ రెట్టింపు బరువెక్కుతుంది.

చరిత్రకారులు పట్టించుకోని వింత ఒకటుంది. మన తాతల ఇళ్లలో కూడా చెక్కకూ చెక్కకూ పోలిక ఉండేది కాదు. ఆ సంగతి ఎవరికీ తెలియలేదు, అంతే. గుమ్మం టేకుది, కప్పు కింద దూలాలు తాటివి, నులక మంచం కోళ్లు వేపవి, ధాన్యపు పెట్టె మామిడిది, పెద్దాయన పడక్కుర్చీ మరేదో నల్లని చేవ కర్రది. కిందికి చూస్తే ఒకచోట బేతంచెర్ల బండలు, ఒకచోట తాండూరు బండలు, ఇంకోచోట కర్ణాటక సరిహద్దు దాటి వచ్చిన షాబాదు బండలు, కలిగినవారి ఇంట ఐరన్ ఆక్సైడ్ కలిపి అద్దంలా నున్నగా రుద్దిన ఎర్ర గచ్చు. వంటింటి అరలకు కడప నల్లబండ. ఆ ఎర్ర గచ్చుకు ఈ తేనెరంగు తలుపు నప్పుతుందా అని ఏ ఇల్లాలూ ఏ మేస్త్రీనీ నిలదీసినట్టు దాఖలా లేదు. క్వారీలో ఏ రాయి తేలితే నేలది ఆ రంగు, డిపోలో ఏ దుంగ దొరికితే తలుపుది ఆ రంగు. బండలు పరిచే మనిషి అంచులు ఉలితో సరిచేసి, సందుల్లో సిమెంటు పూసి, కూలి తీసుకుని వెళ్లిపోతే నేల వ్యవహారం అంతటితో ముగిసేది. ఆ తరువాత రెండు తరాలపాటు దాని మీద పడుకునేవారే తప్ప దాని గురించి మాట్లాడేవారు లేరు.

వారికి అభిరుచి లేదని మనం జాలిపడవచ్చు. కాని కారణం వేరే ఉంది. అసలైన చెక్కలో ఒక్క పలకలోనే పలు రంగులుంటాయి. చేవ ముదురుగా, బెరడు వైపు పాలిపోయి ఉంటుంది. కోసిన కొత్తలో టేకు మచ్చమచ్చలుగా ఉండి, గాలీ వెలుతురూ తగిలేకొద్దీ తేనెరంగుకు, ఆపైన ముదురు గోధుమకు తిరుగుతుంది. వాల్‌నట్ దానికి వ్యతిరేకం, వెలుతురులో ఏళ్ల తరబడి ఉంటే కాస్త లేతబారుతుంది. తనలో తానే ఇన్ని రకాలుగా ఉన్న వస్తువు పక్కన మరో రంగు చెక్కను పెడితే కంటికి అది తప్పుగా తోచదు. నేటి టైల్ మీదా లామినేట్ మీదా ఉండే చెక్క అచ్చుబొమ్మకు ఆ వెసులుబాటు లేదు. మొదటి అల్మారా తలుపు మీద మోకాలి ఎత్తున ఉన్న ముడి నాలుగో తలుపు మీద కూడా మోకాలి ఎత్తునే, అదే వంపుతో, అదే పగులుతో మళ్లీ కనబడుతుంది. అంత కచ్చితమైన దాని పక్కన అంతే కచ్చితమైన ఇంకో అచ్చుబొమ్మ ఇసుమంత తేడాగా ఉంటే అది కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. కనుక రెండు చెక్కలకు పడకపోవడమనేది ఎన్నడూ లేదు. పడనివి రెండు ఫోటోలు. మన ఇళ్లలో భార్యాభర్తలు, అత్తాకోడళ్లు, అన్నదమ్ములు ఇన్నాళ్లుగా వాదులాడుకుంటున్నది ఆ ఫోటోల తరఫున.

ఆ ఫోటోల పుట్టుపూర్వోత్తరాలు కూడా తెలుసుకోదగినవే. వుడ్ ఫినిష్ టైల్ మట్టితో అవుతుంది. బంకమన్ను, ఫెల్డ్‌స్పార్, సిలికా కలిపి, పలకగా ఒత్తి, దాని మీద ఓక్ మాను నారలను ఇంక్‌జెట్ యంత్రంతో అచ్చువేసి, దాదాపు 1200 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలుస్తారు. దేశంలో తయారయ్యే టైల్స్‌లో సింహభాగం గుజరాత్‌లోని మోర్బీ నుంచే వస్తుంది కాబట్టి మన బాల్కనీలలోని ఓక్ వృక్షాలకు పుట్టినిల్లు సౌరాష్ట్రమని చెప్పుకోవచ్చు. అంత వేడికి ఏ మానైనా బూడిదవుతుంది. ఇదొక్కటే బూడిద కావలసిన చోట మానవుతుంది. లామినేట్ సంగతి మరీ సున్నితం. ఫినాలిక్ రెజిన్‌లో ముంచిన క్రాఫ్ట్ కాగితాలు అడుగున, మెలమైన్ రెజిన్ పట్టించిన బొమ్మ కాగితం పైన పెట్టి, వేడితో గట్టిగా ఒత్తితే 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 1 మిల్లీమీటరు మందం గల అరణ్యం సిద్ధమవుతుంది.

అయితే ఈ వ్యాసకర్త చేతులెత్తి మొక్కేది ఎస్‌పీసీ (స్టోన్ ప్లాస్టిక్ కాంపోజిట్) ఫ్లోరింగ్‌కు మాత్రమే. అందులో అధికభాగం సున్నపురాతి పొడి. దానికి పీవీసీ కలిపి, పలకలుగా తీసి, పైన చెక్క బొమ్మ అంటిస్తారు. తాండూరు బండా, బేతంచెర్ల బండా సున్నపురాళ్లేనన్న సంగతి ఇక్కడ గుర్తు చేసుకోవాలి. అనగా, పాత ఇంట్లోని సున్నపురాతి బండలను నామోషీ అని గునపాలతో పెకలించి, ట్రాక్టరు కిరాయి కూడా మనమే ఇచ్చి ఊరవతల పోయించి, అదే జాతి రాతిని పొడి రూపంలో, ప్లాస్టిక్ కలిపి, చెక్క వేషం కట్టించి, చదరపుటడుగు లెక్కన కొని తెచ్చి, సరిగ్గా అదే చోట పరుస్తున్నాం. మొజాయిక్ గచ్చుకూ ఇదే సత్కారం జరిగింది. పాలరాతి ముక్కలను సిమెంటులో పోసి, నీళ్లు కొడుతూ, చెవులు చిల్లులు పడేలా యంత్రంతో అరగదీసి చేసిన ఆ గచ్చులను పాతకాలపువని పగలగొట్టించాం. ఇప్పుడది టెర్రాజో అన్న పేరుతో, టైల్ మీద బొమ్మగా, మునుపటికన్నా గౌరవంగా తిరిగి వచ్చింది. బొమ్మలోని పాలరాతి ముక్కలు అసలు వాటికన్నా శుభ్రంగా ఉన్నాయని అందరూ ఒప్పుకుంటున్నారు.

ఎంపిక జరిగే తీరును దగ్గరగా చూసినవారికి తప్ప దాని గాంభీర్యం అర్థం కాదు. లామినేట్ దుకాణంలో నమూనాలు అరచేతిలో ఇమిడే బిళ్లలుగా, మూలన చిల్లు పెట్టి, ఇనుప రింగుకు తాళాల గుత్తిలా గుచ్చి ఉంటాయి. ప్రతి బిళ్ల వెనుకా ఒక అంకె. ఆ అంకెకు చెట్టుతో సంబంధం ఉండదు, చెట్టు పేరుకు మనతో సంబంధం ఉండదు. మధ్య ఆఫ్రికా అడవుల్లో పెరిగే వెంగే అనే మాను ఆకు ఎలా ఉంటుందో, పూస్తుందో పూయదో తెలియని గృహస్థు, "వెంగే మరీ డార్క్ అండీ, స్మోక్‌డ్ ఓక్ తీయండి" అని జన్మజన్మల పరిచయంతో పలుకుతాడు. కుర్రవాడు బిళ్లను దీపం కిందికి తిప్పి చూపిస్తాడు. ఆ దీపం 6500 కెల్విన్ల తెల్లని ఎల్‌ఈడీ. ఇంట్లో ఫాల్స్ సీలింగ్ నిండా దాచినవి 3000 కెల్విన్ల పసుపు దీపాలు. అక్కడ వెండిబూడిదలా మెరిసిన బిళ్ల, ఇక్కడ ఏడడుగుల తలుపు మీదికి ఎక్కేసరికి బురదరంగు తేలుతుంది. అప్పుడు బతిమాలి తెచ్చుకున్న టైల్ ముక్కను పాత దినపత్రిక లోంచి విప్పి, బాల్కనీ వెలుగులో నేల మీద పెట్టి, బిళ్లను దానికి ఆనించి, ఇంటిల్లిపాదీ చుట్టూ గొంతుక్కూర్చుని పరిశీలిస్తారు. ఒక తల అడ్డు పడితే ఒక రంగు, అది పక్కకు జరిగితే ఇంకో రంగు. గోడకానుకుని ఇదంతా చూస్తున్న కార్పెంటర్ మాత్రం, "పైన ఫిల్మ్ పీకినాక సెట్ అయిపోద్ది సార్" అంటాడు. అతడు ప్రతి ఇంట్లోనూ ఇదే మాట అంటాడు, ప్రతి ఇంట్లోనూ అతడి మాటే నెగ్గుతుంది.

ఇటీవల ఈ రంగంలో అండర్‌టోన్, అంటే రంగు అడుగున దాగిన ఛాయ, అనే సిద్ధాంతం వీడియోల ద్వారా వ్యాపించింది. అందులో నిజం లేకపోలేదు. ముదురుదనం దాదాపు సమానంగా ఉన్న రెండు గోధుమ రంగుల్లో ఒకటి ఎరుపు వైపు, మరొకటి ఆకుపచ్చ వైపు మొగ్గితే పక్కపక్కన రెండూ చెడతాయి. ఛాయ ఒకే వైపు మొగ్గి, ముదురుదనంలో స్పష్టమైన తేడా ఉంటే రెండూ రాణిస్తాయి. సిద్ధాంతమంతా ఇంతే. పెద్ద నమూనా తెచ్చి పగలూ రాత్రీ ఇంట్లోనే చూసుకుంటే ఏ నిపుణుడూ లేకుండా తెలిసిపోతుంది. అంత తేలిగ్గా తేలిపోతే మనకు తృప్తి ఉండదు కాబట్టి టైల్‌కూ లామినేట్‌కూ జాతకాలు చూడడం మొదలైంది. 36 గుణాల్లో 18 కుదిరితే కన్న బిడ్డను ధైర్యంగా ఇచ్చేసే వంశాలు, టీవీ యూనిట్ విషయంలో మాత్రం 36 కుదిరి తీరాలంటున్నాయి. దీనికి తోడు డాలస్‌లో ఉన్న తమ్ముడు వీడియో కాల్‌లోకి వచ్చి, "అక్కా, ఇక్కడంతా గ్రే వుడ్డే" అని ఘంటాపథంగా చెబుతాడు. అతడి మాట విని ఇక్కడ బూడిద చెక్క పరిచి పాలు పొంగించేలోగా, అక్కడివారు గ్రే మొహం మొత్తి మళ్లీ తేనెరంగుకు వెళ్లిపోయారు.

ఇంత మథనంలోనూ ఎవరూ సంప్రదించని నిపుణులు కొందరున్నారు. వారిలో ధూళి మొదటిది. నల్లగా నిగనిగలాడే నేల మీద అది ప్రతి పాదముద్రనూ సాక్ష్యంగా భద్రపరుస్తుంది. తెల్లని నేల మీద తల వెంట్రుకలు ఆ పని చేస్తాయి. ధూళిని దాచగల రంగు ధూళి రంగొక్కటే, ఆ రంగులో దొరికేది పసుపు తాండూరు బండ. దాని గతి పైన చెప్పుకున్నాం. రెండో నిపుణురాలు పనిమనిషి. శుక్రవారం నాడు ఇల్లు తుడవడం కాదు, కడగడం మన ఆచారం. లామినేటెడ్ వుడెన్ ఫ్లోరింగ్ లోపల ఉండేది ఒత్తిన చెక్కపొట్టు. సందుల్లోంచి నీళ్లు దిగితే అంచులు ఉబ్బి పైకి లేస్తాయి. అందువల్ల వేలు పోసి వేయించిన ఆ గదిలో ఆమెకు బకెట్టు ప్రవేశం నిషేధించి, పిండిన గుడ్డ తప్ప వాడరాదని యజమానురాలు ఆంక్షలు విధిస్తుంది. ఆ గదికి ఇంతకన్నా గొప్ప వరం లేదని పనిమనిషి మనసులో సంతోషిస్తుంది.

ఈ నాటకంలో అన్యాయం జరిగింది మాత్రం గడపకు. చాలా ఫ్లాట్లలో నిఖార్సయిన చెక్క అంటూ మిగిలింది సింహద్వారపు ఫ్రేము ఒక్కటే. గడప కూడా అందులో భాగమైతే ఆ ఇల్లు ధన్యమే. పసుపు రాసీ రాసీ చెక్కలోకే ఆ రంగు ఇంకిపోయిన గడపలు పాత ఇళ్లలో ఇప్పటికీ కనబడతాయి. ఇప్పుడు పాలిష్ పాడవుతుందని ఎవరూ పసుపు రాయడం లేదు. పసుపు, కుంకుమ బొట్లు, చుట్టూ ముగ్గు, అన్నీ అచ్చువేసిన స్టిక్కరు బజారులో దొరుకుతోంది. చెక్క బొమ్మలతో ఇల్లంతా నింపుకున్న మనం, ఉన్న ఒక్క చెక్క మీదా బొమ్మ అంటించి మూసేశాం. ఆ స్టిక్కరు పసుపు నేల అండర్‌టోన్‌కు కుదిరిందా లేదా అనే అంశంపై చర్చ ఇంకా మొదలుకాలేదు. త్వరలోనే మొదలవుతుందని ఆశించవచ్చు.

చివరిగా, కొత్తగా నేల వేయించుకోబోయేవారికి ఆచరణకు సంబంధించిన సూచన ఒకటి. టైల్స్ పెట్టె మీద డిజైను పేరుతోపాటు బ్యాచ్, షేడ్ అంకెలు కూడా ఉంటాయి. డిజైను ఒకటే అయినా బ్యాచ్ మారితే రంగు మారవచ్చు. రుబ్బురోలు పొత్రం జారి ఒక టైల్ పగిలే నాటికి ఆ డిజైను తయారీయే ఆగిపోయి ఉంటుంది. కాబట్టి అదే బ్యాచ్‌లో ఒక పెట్టె అదనంగా కొని లాఫ్ట్‌లో దాచాలి, దాని పక్కనే మిగిలిన లామినేట్ ముక్కను షేడ్ నంబరు చెరిగిపోకుండా నిలబెట్టాలి. ఇల్లు పెద్దవాడికి, పొలం చిన్నవాడికి అని వీలునామా రాసేటప్పుడు ఆ పెట్టె ఎవరికి చెందుతుందో కూడా విడిగా, సాక్షుల సమక్షంలో రాసిపెట్టడం మంచిది.