పుట్టుకథలకు పురుడు పోయు విధానం

ఈ మధ్య పుట్టుకథల, అంటే ఒక మాటో గుర్తో ఎలా పుట్టిందో చెప్పే కట్టుకథల నాణ్యత బాగా పడిపోయింది. ఫోన్ తెరిస్తే చాలు, ‘ఈ గుర్తు వెనకున్న అసలు రహస్యం మీకు తెలుసా?’ అంటూ ఒకటి వచ్చి పడుతుంది. చదివితే అతుకులన్నీ బయటికే కనిపిస్తుంటాయి. అబద్ధమాడినా అతికినట్టుండాలన్నారు పెద్దలు. నేటి తయారీదారులు అందులో మొదటి మాట శ్రద్ధగా పాటించి, రెండోదాన్ని గాలికి వదిలేస్తున్నారు. ఇంత గొప్ప కుటీర పరిశ్రమ కళ్లముందే దిగజారుతుంటే ఊరుకోవడం భావ్యం కాదు కనుక, సరైన తయారీ విధానాన్ని ఇక్కడ పొందుపరుస్తున్నాం.

ముడిసరుకు పెద్దగా అక్కర్లేదు. కొన్ని పొడి అక్షరాలు, చనిపోయిన గొప్పవాడు ఒకరు (ఇద్దరు వద్దు, ఒకరినొకరు అబద్ధం చేసుకుంటారు), మునిగిన ఓడో ముగిసిన యుద్ధమో ఒకటి, చివర్లో గుద్దడానికి ‘నూటికి తొంభై తొమ్మిది మందికి తెలియదు’ అనే ముద్ర. అంతే.

మొట్టమొదట చేయవలసింది అసలు కథను పక్కకు తప్పించడం. అది దాదాపు ఎప్పుడూ చప్పగానే ఉంటుంది. ఎస్‌ఓఎస్ సంగతే చూడండి. 1905లో జర్మనీ తన వైర్‌లెస్ నిబంధనల్లో దాన్ని ఆపద సంకేతంగా పెట్టుకుంది. 1906లో బెర్లిన్‌లో పలు దేశాలు కూర్చుని సరేనన్నాయి. 1908 నుంచి అమల్లోకి వచ్చింది. చుక్కలు, గీతలతో సందేశం పంపే మోర్స్ సంకేతాల్లో మూడు చుక్కలు, మూడు గీతలు, మళ్లీ మూడు చుక్కలు. మధ్యలో ఎడం ఇవ్వకుండా తొమ్మిదీ ఒకే దమ్మున కొట్టాలి. చెవిలో ఎంత గరగర ఉన్నా ఆ దరువు ఇట్టే గుర్తుపట్టొచ్చు కాబట్టి దాన్ని ఎంచుకున్నారు. అక్షరాలతో దానికి పనే లేదు. అదే తొమ్మిదింటిని ఇంకోచోట విరిస్తే వి, టి, బి అవుతాయి. మరోలా విరిస్తే ఐ, జె, ఎస్ అవుతాయి. ‘సేవ్ అవర్ సోల్స్’ అన్నది తీరిగ్గా తర్వాత వచ్చి చేరిన చుట్టం. ఓడ మునుగుతుంటే ఆపరేటరు ఆత్మలను తలుచుకుంటాడా, చుక్కలు లెక్కపెట్టుకుంటాడా అని అడిగేవారు ఈ వృత్తికి పనికిరారు.

కొత్తగా చేరినవారు పొడి అక్షరాలతోనే మొదలుపెట్టడం మంచిది. ఒక మాట తీసుకుని అక్షరం అక్షరంగా విరగ్గొట్టి, ఒక్కోదానికి ఒక్కో మాట తగిలించాలి. మూడు నాలుగు అక్షరాల మాట శ్రేష్ఠం. చేతివాటం తక్కువైతే ఎక్కడ దెబ్బతింటారో చెప్పడానికి ‘న్యూస్’ ఒక్కటి చాలు. ఉత్తరం, తూర్పు, పడమర, దక్షిణం అనే నాలుగు దిక్కుల ఇంగ్లీషు పేర్ల నుంచి మొదటి అక్షరాలు ఏరి న్యూస్ అయిందని ఊరంతా నమ్మింది. నిజానికది ‘న్యూ’ అనే మాటకు ఎస్ తగిలించిన బహువచనం, అంటే కొత్త సంగతులు. పాత రాతల్లో ఆ మాటకు చివరి ఎస్ ముందు ఇంకో ‘ఇ’ కూడా ఉండేది. ఆ లెక్కన అప్పట్లో దిక్కులు ఐదు, తూర్పు రెండుసార్లు. కనుక మాటను విరిచే ముందు దాని పాత స్పెల్లింగులు చూసుకోండి. మీరు చూడకపోతే ఎవడో పనిలేనివాడు చూస్తాడు.

రెండో ప్రమాదం తేదీలు. ‘జెంటిల్‌మెన్ ఓన్లీ, లేడీస్ ఫర్‌బిడెన్’ అని గోల్ఫ్‌ను విరిచిన మహానుభావుడి పనితనంలో అక్షరాలపరంగా వంక పెట్టడానికి లేదు. చరిత్ర మాత్రం చూసుకోలేదు. 1457లో స్కాట్లాండ్ పార్లమెంటు, జనం విలువిద్య సాధన మానేసి ఆటల్లో పడుతున్నారని, ఫుట్‌బాల్‌తో పాటు గోల్ఫ్‌ను కూడా నిషేధించింది. అంటే ఆట పేరు చట్టానికి ఎక్కిన నాడే అది మగవాళ్లకూ ఫర్‌బిడెనే. పైగా మొదటి అక్షరాలు కలిపి కొత్త మాట పుట్టించే అలవాటు బాగా ముదిరింది ఇరవయ్యో శతాబ్దంలో. ఆరొందల ఏళ్ల కిందటి గొర్రెల కాపరి పొడి అక్షరాల్లో ఆలోచించేవాడంటే కొంచెం బరువుగా ఉంటుంది.

‘ఓకే’ విషయంలో జరిగిన అజాగ్రత్త ఇంకా ఘోరం. అమెరికా అంతర్యుద్ధంలో ఎవరూ చనిపోని రోజున పలక మీద ‘జీరో కిల్డ్’ అని రాసేవారట, అదే ఓకే అయిందట. కథలో కన్నీరుంది, సైనికుడున్నాడు, పలక కూడా ఉంది. ఆ యుద్ధం మొదలైంది 1861లో. బోస్టన్ మార్నింగ్ పోస్ట్ అనే పత్రికలో ఓకే అచ్చయింది 1839 మార్చి 23న. ఇరవై రెండేళ్ల ముందే యుద్ధవార్త! అసలు సంగతి ఏమిటంటే, ఆ రోజుల్లో పత్రికలవారికి మాటల్ని కావాలని తప్పుగా రాసి పొడి అక్షరాలు చేయడం ఒక సరదా. ‘ఆల్ కరెక్ట్’ను ‘ఓల్ కొరెక్ట్’ చేసి దాన్ని ఓకే అన్నారు. మరుసటి ఏడు ఎన్నికల్లో అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరెన్ మనుషులు, ఆయన సొంతూరు కిండర్‌హుక్ పేరు మీద ‘ఓల్డ్ కిండర్‌హుక్’ అని దాన్ని ఎత్తుకున్నారు. ఆయన ఓడిపోయాడు, ఓకే మిగిలింది. 1960లలో అలెన్ వాకర్ రీడ్ అనే భాషా పండితుడు పాత పత్రికలన్నీ తిరగేసి ఇదంతా బయటపెట్టాడు. పాత పత్రికలు తిరగేసేవాళ్లే ఈ పరిశ్రమకు పట్టిన చీడ.

ఇక మృతుల ఎంపిక. ఆపిల్ కంపెనీ గుర్తు ఇందుకు పాఠ్యాంశం లాంటిది. 1977లో రాబ్ జానాఫ్ అనే డిజైనరు గీసిన ఆ పండుకు గాటు ఎందుకున్నదంటే, చిన్నగా అచ్చు వేసినప్పుడు జనం దాన్ని చెర్రీ అనుకోకుండా. ఇంత పేద కారణంతో ఎవరు బతుకుతారు? అందుకే అలన్ ట్యూరింగ్‌ను పిలిపించారు. కంప్యూటర్ శాస్త్రానికి పునాది వేసిన ఆ మేధావి 1954లో సైనైడ్ వల్ల చనిపోయినప్పుడు పక్కన సగం కొరికిన ఆపిల్ దొరికింది, కనుక ఆ గాటు ఆయనకు నివాళి అన్నారు. అందులో విషం ఉందో లేదో ఎవరూ పరీక్షించలేదు. తయారీదారుకు ఇంతకన్నా వరం ఉండదు: పరీక్షించని వస్తువు ఎన్నటికీ ఎదురు తిరగదు. ఇక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆశకు పోయి, ట్యూరింగ్ స్వలింగ ప్రేమికుడు కనుక రంగుల చారలు ఆ వర్గంవారి ఇంద్రధనుస్సు జెండాకు గుర్తు అని కూడా తగిలించారు. ఆ జెండా తొలిసారి ఎగిరింది 1978లో, బొమ్మ గీసింది 1977లో. పైగా చారలు ఇంద్రధనుస్సు వరసలో ఉండవు, అన్నిటికన్నా పైన ఆకుపచ్చ ఉంటుంది, ఆకు అక్కడే ఉంది కనుక. ఆ కంపెనీ కంప్యూటరు తెరమీద రంగులు చూపగలదని చెప్పుకోవడానికి వేసిన చారలవి. ఒక మృతుడికి ఒక రహస్యమే మోపాలి.

పైతరగతి పనివారు పూర్తి అబద్ధం జోలికి పోరు. పాలు మూడు వంతులు, నీళ్లు ఒక వంతు. ‘బగ్’ (ఇంగ్లీషులో పురుగు) కథ ఈ పాళ్లకు తిరుగులేని నమూనా. 1947 సెప్టెంబర్ 9న హార్వర్డ్ మార్క్ 2 కంప్యూటర్లో ఒక రిలేలో (కరెంటుతో పనిచేసే స్విచ్చిలో) రెక్కల పురుగు ఇరుక్కుంది, నిజం. దాన్ని తీసి లాగ్ పుస్తకంలో టేపుతో అంటించారు, నిజం. ఆ పేజీ, పురుగుతో సహా, ఇప్పటికీ స్మిత్‌సోనియన్ సంస్థ మ్యూజియంలో ఉంది, అదీ నిజమే. ‘అందుకే కంప్యూటర్ లోపాన్ని బగ్ అంటారు’ అన్న ఒక్క వాక్యమే నీళ్లు. ఎడిసన్ తన యంత్రాల తప్పులను బగ్‌లని 1878లోనే ఉత్తరంలో రాశాడు. పురుగు పక్కన రాసిన వాక్యమూ గుట్టు దాచుకోదు: ‘బగ్ నిజంగా దొరికిన మొదటి సందర్భం’ అని. అప్పటికే ఆ మాట వాడుకలో ఉంటేనే ‘నిజంగా’ అన్న జోకు పేలుతుంది. ఆ ఒక్క మాటను చదవకుండా దాటేసేలా చేయడంలోనే ఉంది నేర్పంతా.

సొంతదారులే వచ్చి కలిసిన సందర్భం కూడా ఒకటుంది. వై-ఫై ఏ మాటలకూ పొడి అక్షరాలు కాదు. ఆ సాంకేతిక ప్రమాణానికి ఉన్న 802.11 అనే అంకెలు నోరు తిరక్క, 1999లో బ్రాండ్ పేర్లు పెట్టే ఇంటర్‌బ్రాండ్ సంస్థ చేత హై-ఫైకి (మేలైన ధ్వని పరికరాలకు వాడే ‘హై ఫిడెలిటీ’ మాటకు పొట్టి రూపం) ప్రాస కుదిరేలా పెట్టించుకున్న పేరది. అయితే అర్థం లేని పేరంటే, ఆ పేరు పెట్టించుకున్న కంపెనీల కూటమిలో కొందరికి బెంగ పట్టుకుంది. దాంతో ‘వైర్‌లెస్ ఫిడెలిటీకి ప్రమాణం’ అని కింద ఒక ఉపశీర్షిక తగిలించారు. తర్వాత నాలుక కరుచుకుని తీసేశారు గానీ, అప్పటికే పిల్ల చంకెక్కింది. బిడ్డకు తండ్రే దొంగ జాతకం రాయించిన ఈ ఉదంతం ముందు మిగతావన్నీ పసిపిల్లల ఆటలు.

ఈ వృత్తికి అసలు ముప్పు బ్లూటూత్ వైపు నుంచి వచ్చింది. పదో శతాబ్దపు డెన్మార్క్ రాజు హెరాల్డ్, మారుపేరు నీలిపన్ను. విడివిడిగా ఉన్నవాటిని కలిపిన రాజు కనుక, పరికరాలను కలిపే పనికి ఆయన పేరు పెడదామని ఇంటెల్ ఇంజినీరు జిమ్ కార్డాక్ 1997లో అన్నాడు, అదీ తాత్కాలికంగానే. అసలు పేర్లుగా అనుకున్నవి ‘రేడియోవైర్’, ‘పాన్’. మొదటిదానికి ట్రేడ్‌మార్కు తనిఖీ వేళకు పూర్తి కాలేదు, రెండోది ఇంటర్నెట్‌లో వెతికితే అప్పటికే వేలకు వేలు తేలింది. దాంతో తాత్కాలికం శాశ్వతమైపోయింది. గుర్తేమో ఆ రాజు పేరులోని రెండు తొలి అక్షరాలను పాత రూనిక్ లిపిలో రాసి అతికించినది. రాజు, పన్ను, ప్రాచీన లిపి, మూడూ ఒకే కథలో! మనలో ఎవరైనా ఇంత మోతాదు వేసి ఉంటే, అతి చేశావని చీవాట్లు పెట్టేవాళ్లం. నిజం ఇలా హద్దులు దాటి మన రంగంలోకి చొరబడితే బజారులో ఏది సరుకో, ఏది నకిలీయో తెలియక కొనుగోలుదారు తికమకపడతాడు. దీనిపై నియంత్రణ ఉండాలి.

చివరగా అభ్యాసం. యాప్‌ల మూల ఒకదాని కింద ఒకటిగా మూడు అడ్డగీతలు ఉంటాయి, మెనూ గుర్తు. 1981లో వచ్చిన జిరాక్స్ స్టార్ కంప్యూటర్ కోసం నార్మ్ కాక్స్ గీశాడు. నొక్కితే వచ్చే జాబితా ఎలా ఉంటుందో అలాగే మూడు గీతలు వేశాడు, అంతకుమించి ఏమీ లేదు. ఇలాంటి అనాథను పైన చెప్పిన విధానంలో ఎలా ఆదుకోవచ్చో ఒక నమూనా చూపిస్తున్నాం.

అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ఏడుగురు కొడుకులు. ఏడుగురూ వేటకు వెళ్లి ఏడు చేపలు తెచ్చారు. మూడింటిని అడ్డంగా పడుకోబెట్టి ఎండేశారు, అవే మెనూ గీతలు. మిగిలిన నాలుగింటిని పొట్టి నుంచి పొడుగుకు వరసగా నిలబెట్టి ఎండేశారు, అవే తెరమీద సిగ్నల్ గీతలు. అందులో ఒకటి ఎండలేదు. చేపా చేపా ఎందుకెండలేదంటే, గోడ అడ్డమొచ్చిందట. ఈ సంగతి నూటికి తొంభై తొమ్మిది మందికి తెలియదు.